యాక్చువరీల వికీలో ఏం రాయాలి, ఎవరు రాయాలి, ఎంతవరకు పంచుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో మీది యాక్చువరీల టీమ్, అంటే బీమా, గ్రాట్యుటీ లాంటి భవిష్యత్ చెల్లింపులకు ఇవాళ ఎంత డబ్బు కావాలో లెక్కకట్టేవాళ్లది. అందులో సగంమంది జీవిత బీమా వాల్యుయేషన్ (ఆ బాధ్యతల విలువ కట్టడం), మిగతావాళ్లు గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ పనులు చూస్తారు. ఇద్దరు సీనియర్లు నోటీస్ పీరియడ్‌లో ఉన్నారు. వాళ్లకు తెలిసిన విషయాలు వాళ్లతోపాటే వెళ్లిపోకుండా అందరూ కలిసి రాసి దిద్దుకునే వికీ ఒకటి తయారుచేయమని మేనేజర్ మీకు అప్పగించారు. ఇంతకుముందు పెట్టిన వికీని ఆర్నెల్లకే అందరూ తెరవడం మానేశారు. ఈసారి ఏ పేజీలు పెట్టాలి, ఎవరితో రాయించాలి, వేరే కంపెనీల్లో పనిచేస్తున్న మిత్రులతో పంచుకోవచ్చా అని అడిగారు.

మొదట పాత వికీ తెరిచి చూడండి. నా ఊహ సరైనదైతే అందులో చైన్ ల్యాడర్ అంటే ఏమిటి, ఐబీఎన్ఆర్ నిర్వచనం ఏమిటి, గ్రాస్ ప్రీమియం వాల్యుయేషన్ ఫార్ములా ఏమిటి లాంటి పేజీలు ఉంటాయి. యాక్చువరీ పరీక్షల్లో సీఎం1, సీఎం2 పాసైన వాళ్లకు ఇవన్నీ వచ్చు. రానివాళ్లకు స్టడీ మెటీరియల్ ఉంది. అలాంటి పేజీ కోసం పని ఒత్తిడిలో ఉన్న మనిషి వికీ తెరవడు. మార్చి 31 వాల్యుయేషన్ మధ్యలో, రాత్రి తొమ్మిదింటికి, ఒక అంకె దగ్గర ఆగిపోయినవాడికి కావలసిన సమాచారం వేరు. ఈ పోర్ట్‌ఫోలియోకి ఈ అంకె ఎందుకు పెట్టారు, ఇంకేమేం ఆలోచించి వద్దనుకున్నారు, ఏం మారితే దీన్ని తిరిగి చూడాలి? ఈ మూడింటికీ ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. మీ వికీ పూర్తిగా వీటి కోసమే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వికీ అనగానే అందరికీ వికీపీడియా గుర్తొచ్చి విజ్ఞాన సర్వస్వం రాయాలనుకుంటారు. వికీపీడియా 2001లో వచ్చింది. దానికంటే ముందే, 1995లో, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీని నడిపాడు. అది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ పని అనుభవాన్ని ఒకరికొకరు చెప్పుకోవడానికి పెట్టినది. ఫలానా సమస్య ఫలానా పరిస్థితిలో వస్తే ఈ పరిష్కారం పనికొస్తుంది, ఎందుకంటే ఇదీ కారణం, ఈ చోట మాత్రం పనికిరాదు అన్న ధోరణిలో అందులో పేజీలు ఉండేవి. మన వృత్తికి కావలసింది ఆ పద్ధతి.

ఒక పేజీని దగ్గరగా చూపిస్తాను. ఒక టర్మ్ ప్లాన్‌కి మోర్టాలిటీ అసంప్షన్, అంటే ఎంతమంది చనిపోతారన్న అంచనా పెట్టాలి. మన దగ్గర ఉన్న ప్రామాణిక మరణాల పట్టిక ఐఏఎల్ఎం 2012-14, 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది. మన పాలసీల సొంత అనుభవం చూసే ఎక్స్‌పీరియెన్స్ స్టడీలో వాస్తవంగా జరిగిన మరణాలు 40, పట్టిక ప్రకారం రావలసినవి 57 అనుకుందాం. నిష్పత్తి సుమారు 70 శాతం. కానీ మోడల్లో పట్టికలో 94 శాతం అని ఉంది. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఇది చూసి ఆగిపోతారు. 70 వస్తే 94 ఎందుకు పెట్టారు?

కారణం క్రెడిబిలిటీ, అంటే సొంత డేటాని ఎంతవరకు నమ్మొచ్చన్న కొలత. లిమిటెడ్ ఫ్లక్చుయేషన్ పద్ధతిలో, 90 శాతం నమ్మకంతో 5 శాతం తేడాలోపల ఉండాలంటే 1,082 మరణాలు కావాలి. 1.645ని 0.05తో భాగించి వర్గం చేస్తే వచ్చే అంకె అది. మన దగ్గర ఉన్నవి 40. 40ని 1,082తో భాగించి వర్గమూలం తీస్తే 0.19. అంటే సొంత అనుభవానికి 19 శాతం బరువు, పట్టికకు 81 శాతం. 70కి 19 శాతం, 100కి 81 శాతం కలిపితే 94 వస్తుంది. లెక్క రెండు లైన్లే. అయినా ఇది పేజీలో లేకపోతే మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పేజీ అక్కడితో అయిపోదు. 70 శాతాన్నే నేరుగా ఎందుకు వాడలేదో రాయాలి. 100 శాతం దగ్గరే ఎందుకు ఉండిపోలేదో కూడా రాయాలి. 2021 కోవిడ్ రెండో వేవ్ నెలల మరణాలను లెక్కలో ఉంచారా తీసేశారా, ఉంచితే ఏ ఆలోచనతో ఉంచారు? స్టడీ చివరి నెలల్లో జరిగి ఇంకా క్లెయిమ్ రాని మరణాలకు ఏం సర్దుబాటు చేశారు? ఇది చేయకపోతే 70 అన్న అంకే తప్పుడు ఊరటనిస్తుంది. లెక్క పాలసీల సంఖ్య మీద చేశారా, సమ్ అష్యూర్డ్ (బీమా మొత్తం) మీద చేశారా? 1,082 అన్నది కేవలం మరణాల సంఖ్యకు సంబంధించిన ప్రమాణం. సమ్ అష్యూర్డ్ పాలసీకో రకంగా ఉంటే అవసరమైన మరణాల సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఈ పరిమితి తెలిసే ఆ పద్ధతి వాడామని ఒక వాక్యం ఉంటే చాలు, రివ్యూలో అరగంట వాదన తప్పుతుంది.

ఆ తర్వాత అన్నిటికన్నా విలువైన భాగం, ఏం జరిగితే ఈ పేజీ చెల్లదో చెప్పేది. మరణాలు 200 దాటితే సొంత అనుభవం బరువు 43 శాతానికి చేరుతుంది, అప్పుడు 94 నిలవదు. వైద్య పరీక్ష లేకుండా ఇచ్చే కవరేజీ పరిమితి పెంచినా, ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టినా, రీఇన్సూరర్ (మన రిస్క్‌లో కొంత తీసుకునే బీమా సంస్థ) రేట్లు మార్చినా మళ్లీ చూడాలి. చివర్లో ఎవరు ప్రతిపాదించారు, ఎవరు రివ్యూ చేశారు, ఎవరు ఆమోదించారు, ఏ తేదీన, మళ్లీ ఎప్పుడు చూడాలి. అంతే పేజీ. ఒకటిన్నర స్క్రీన్ దాటకూడదు.

ఈ పేజీ అసలు అక్కరకొచ్చేది ప్రైసింగ్ మీటింగ్‌లో. పోటీ కంపెనీ ప్రీమియం తగ్గించింది, మన అనుభవం 70 శాతమే కదా, 94 పెట్టి ఎందుకు ధర పెంచుకుంటున్నాం అని సేల్స్ వాళ్లు గట్టిగా అడుగుతారు. వాళ్ల ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ రోజు ఎదురుగా ఉన్న యాక్చువరీ జూనియర్ అయితే, కారణం తెలియక, 85కో 80కో ఒప్పేసుకుంటాడు. కారణం రాసి ఉంటే అదే మనిషి ధైర్యంగా మాట్లాడతాడు.

డాక్యుమెంటేషన్ ఎంత వివరంగా ఉండాలన్న దానికి బ్రిటన్‌లో టాస్ 100 అనే సాంకేతిక ప్రమాణం ఒక మంచి కొలత ఇచ్చింది. ఆ పని గురించి ముందుగా ఏమీ తెలియని, కానీ సాంకేతిక పరిజ్ఞానం ఉన్న మనిషి చదివితే విషయం అర్థం కావాలి, అందులో మనం తీసుకున్న నిర్ణయాలు సరైనవో కాదో తూచగలగాలి. నేను పేజీలు సరిచూసేటప్పుడు ఇదే పట్టుకుంటాను. లైఫ్ వైపు పేజీని గ్రాట్యుటీ వైపు వాళ్లకు ఇచ్చి చదివించండి. వాళ్లు ఎక్కడ ఆగి అడుగుతారో అక్కడ ఇంకో వాక్యం కావాలి.

కారణాలు వృత్తిలోనే మరుగున పడితే ఏమవుతుందో తెలియాలంటే బ్రిటన్‌లో గ్యారంటీడ్ యాన్యుటీ ఆప్షన్ల కథ చదవాలి. 1970ల్లో, 80ల్లో అక్కడి కంపెనీలు పెన్షన్ పాలసీలతోపాటు ఒక హామీ ఇచ్చాయి. రిటైరయ్యే రోజుకి పోగైన డబ్బును ఖాయమైన రేటుకి యాన్యుటీగా, అంటే జీవితాంతం ఏటా వచ్చే పెన్షన్‌గా మార్చుకోవచ్చు. 65 ఏళ్ల మగవాళ్లకు సాధారణంగా కనిపించే రేటు ప్రతి 1,000 పౌండ్లకు ఏడాదికి 111 పౌండ్లు, బతికున్నంతకాలం. అప్పట్లో దీర్ఘకాలిక వడ్డీ రేట్లు పది శాతం పైన ఉండేవి కాబట్టి మార్కెట్లో దొరికే యాన్యుటీయే ఇంతకన్నా మెరుగ్గా ఉండేది. హామీకి ఖర్చు దాదాపు ఏమీ లేదనిపించింది. చాలా చోట్ల దానికంటూ రిజర్వ్ కూడా పెట్టలేదు. 1990ల్లో వడ్డీ రేట్లు దిగాయి, ఆయుర్దాయం అనుకున్నదానికన్నా పెరిగింది. రెండూ ఒకే వైపు లాగాయి. 1762లో పుట్టిన ఈక్విటబుల్ లైఫ్ అనే బీమా కంపెనీ ఈ హామీల మీద నడిచిన కేసును 2000 జూలైలో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయి, అదే ఏడాది డిసెంబరులో కొత్త వ్యాపారం ఆపేసింది. ఆ కంపెనీ పతనానికి బోనస్ విధానం దగ్గర నుంచి ఇంకా చాలా కారణాలున్నాయి. వాటి మీద 2004లో పెన్‌రోజ్ నివేదిక వచ్చింది. తర్వాతి ఏడాది యాక్చువరీల వృత్తి మొత్తం మీదే మోరిస్ సమీక్ష వచ్చింది.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉంది. 1980లోనే అక్కడి వృత్తి సంఘాల మెచ్యూరిటీ గ్యారంటీస్ వర్కింగ్ పార్టీ యూనిట్ లింక్డ్ పాలసీల హామీలను సిమ్యులేషన్ పద్ధతిలో విలువకట్టి చూపించింది. అంటే ఇలాంటి హామీకి ధర ఉంటుందన్న జ్ఞానం వృత్తిలో ఉంది. అచ్చయి కూడా ఉంది. పక్క గదిలో యాన్యుటీ హామీలు రాస్తున్నవాళ్ల పనిలోకి అది చేరలేదు. ఈ హామీ సురక్షితమని మనం అనుకుంటున్నది వడ్డీ రేట్లు ఫలానా స్థాయి పైన ఉన్నంతవరకే, అంతకన్నా తగ్గితే తిరిగి లెక్కకట్టాలి అని ప్రాడక్ట్ ఫైల్లో ఒక్క వాక్యం రాసి, ఏటా ఎవరో ఒకరు దాన్ని తెరిచి చూసి ఉంటే, ఇరవై ఏళ్ల సమయం చేతిలో ఉండేది. మీ వికీలో ‘ఏం మారితే తిరిగి చూడాలి’ అన్న భాగాన్ని నేను ఇంత పట్టుబట్టి అడగడానికి కారణం ఇదే.

గ్రాట్యుటీ వైపు వాళ్లకు ఇప్పుడే అలాంటి అవసరం నడుస్తోంది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కేంద్ర కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వేతనం లెక్కలోకి రాని మినహాయింపు అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఒకరికి నెలకి లక్ష రూపాయలు, అందులో బేసిక్ 35,000 అనుకోండి. అలవెన్సులు 65,000. సగానికి పైనున్న 15,000 వేతనంలోకి వస్తుంది, వేతనం 50,000 అవుతుంది. పదేళ్ల సర్వీస్‌కి పాత లెక్కలో 35,000ను 15/26తో, 10తో గుణిస్తే 2,01,923. కొత్త లెక్కలో 2,88,462. ఒక్క ఉద్యోగికే 86 వేల పైచిలుకు తేడా. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాది సర్వీస్‌కే గ్రాట్యుటీ అర్హత వచ్చింది, దానితో అట్రిషన్ (ఉద్యోగం మానేసేవాళ్ల రేటు) అసంప్షన్ ప్రభావమే మారిపోయింది. ఆ ఏడాది డిసెంబర్ త్రైమాసికం ఫలితాల్లో చాలా లిస్టెడ్ కంపెనీలు దీనికోసం ఒక్కసారిగా ఖర్చు చూపించాయి.

ఇలాంటి సమయంలో వికీ చేసే మేలు మరేదీ చేయలేదు. ప్రతి క్లయింట్ హెచ్‌ఆర్ నుంచీ అవే ప్రశ్నలు వస్తాయి. యాజమాన్యం కట్టే పీఎఫ్ పారితోషికంలో ఎక్కడ చేరుతుంది? వేరియబుల్ పే సంగతేమిటి? జీతాల నిర్మాణం మారుస్తామని కంపెనీ చెబుతోంది, ఇంకా మార్చలేదు, దేని మీద లెక్కకట్టాలి? పెరిగిన బాధ్యతలో ఎంత పాస్ట్ సర్వీస్ కాస్ట్ (నిబంధన మారడంతో గత సర్వీస్ మీద పడే భారం), ఎంత అసంప్షన్ మార్పు? మొదటి క్లయింట్ దగ్గర ఈ ప్రశ్న ఎదురైనవాళ్లు అదే రోజు పేజీ మొదలుపెట్టాలి. తేలిన జవాబులు ఒక పక్క, తేలనివి ఒక పక్క. తేలనివాటి కింద ఆడిటర్ ఏమన్నాడు, ఏ క్లయింట్ ఏ నిర్ణయం తీసుకున్నాడు, మనం రిపోర్టులో ఏ వాక్యం పెట్టాం అన్నవి చేరుతూ పోవాలి. పూర్తిగా తెలిశాక రాద్దామనుకుంటే ఆ రోజు రాదు. సగం తెలిసిన పేజీని ‘ఇంకా తేలలేదు’ అన్న ముద్రతో పెట్టడం తప్పేమీ కాదు, మన వృత్తిలో అలా ఒప్పుకోవడానికి చాలామంది ఇబ్బంది పడతారంతే.

ఎవరు రాయాలన్న మీ ప్రశ్నకు వద్దాం. వారానికి ఒకరు ఒక పేజీ రాయాలని రోస్టర్ వేయకండి. మొదటి నెల అయ్యాక అది మొక్కుబడి అవుతుంది. రాయడాన్ని ఇప్పటికే జరుగుతున్న పనికి అతికించండి. అసంప్షన్ మార్పు ఆమోదానికి వెళ్లేటప్పుడు మెయిల్‌లో వికీ పేజీ లింక్ లేకపోతే అప్రూవర్ వెనక్కి పంపాలి. ఈ ఒక్క నియమం మీ మేనేజర్ చేత ఒప్పించగలిగితే సగం పని అయిపోయినట్టే. రెండో చోటు పీర్ రివ్యూ. రివ్యూయర్ అడిగిన ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు ఎక్సెల్ కామెంట్లలోనో టీమ్స్ చాట్‌లోనో సమాధి అవుతాయి. ఒకే ప్రశ్న రెండోసారి వచ్చిందంటే అది వికీకి వెళ్లాల్సిందే. ఆ లైన్ రాసే బాధ్యత జవాబు చెప్పినవాడిది కాదు, అడిగినవాడిది. అర్థం కానప్పుడు ఎలా ఉందో అతనికే తాజాగా గుర్తుంటుంది కాబట్టి అతను రాసిందే ఇతరులకు బాగా అర్థమవుతుంది. చెప్పినవాళ్లు దిద్దితే చాలు.

ఇంకో చిన్న విషయం. మన టీముల్లో చర్చ అంతా తెలుగులో నడుస్తుంది, రాయడం మాత్రం ఇంగ్లిష్‌లో. ల్యాప్స్ రేటు అంటే ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయే రేటు. మాటల్లో ‘ఆ ల్యాప్స్ రేటు ఏజెంట్లు మారిన ఏడాది వచ్చింది, దాన్ని నమ్మకు’ అని స్పష్టంగా చెప్పినవాడు, ఇంగ్లిష్‌లో రాసేసరికి కర్మణి వాక్యాల్లోకి వెళ్లి ఎవరు దేన్ని నమ్మలేదో తెలియకుండా చేస్తాడు. క్లయింట్లు, ఇతర రాష్ట్రాల సహోద్యోగులు చదవాలి కాబట్టి పేజీ ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి. కానీ నోటితో చెప్పిన మాటను ముందు వాయిస్ నోట్‌గా తీసుకుని, దాన్ని చూసి రాయమనండి. తేడా మీకే కనిపిస్తుంది.

ప్రతి పేజీకీ ఒక యజమాని పేరు, ఒక గడువు తేదీ ఉండాలి. గడువు దాటిన పేజీ పైన ఎర్ర పట్టీ వచ్చేలా పెట్టుకోండి. ఎక్స్‌పైరీ చెరిగిపోయిన మందు సీసా ఎంత ప్రమాదమో తేదీ లేని అసంప్షన్ పేజీ అంతే. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో అంతర్గత వికీ మీద ఏఐ చాట్ సాధనాలు పెడుతున్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. పాత పేజీలోని వాక్యాన్ని అది ఎంతో నమ్మకంగా ఇవాళ్టి జవాబులా చెబుతుంది. పాత పేజీలను తొలగించవద్దు, ఎందుకంటే రెండేళ్ల కిందటి వాల్యుయేషన్ మీద ప్రశ్న వస్తే అవే దిక్కు. ఆర్కైవ్‌లో పెట్టి, వెతుకులాటలో రాకుండా చేయండి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది పెద్ద విషయం కాదు. కాన్‌ఫ్లుయెన్స్, మీడియావికీ, షేర్‌పాయింట్, మీ ఐటీ వాళ్లు ఏది ఇస్తే అది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర కనిపిస్తే చాలు.

పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. పాలసీదారుల, ఉద్యోగుల వివరాలున్న ఏ ఫైలూ, స్క్రీన్‌షాటూ వికీలోకి రాకూడదు. ఉదాహరణ కోసమే పెట్టామంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం స్ఫూర్తికి అది విరుద్ధం. గ్రాట్యుటీ డేటాలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, జీతం మూడూ కలిస్తే పేరు తీసేసినా మనిషిని పట్టేయొచ్చు. చిన్న కంపెనీల్లో ఇది మరీ సులువు. కాబట్టి ఉదాహరణలకు కల్పిత అంకెలే వాడండి. కన్సల్టింగ్ పని అయితే ఒక క్లయింట్ పేజీలను ఇంకో క్లయింట్ పని చేసేవాళ్లు చూడకుండా హక్కులు విడదీయండి. వృత్తిలో భాగంగా తెలిసిన సమాచారాన్ని క్లయింట్ అనుమతి లేకుండా బయటపెడితే యాక్చువరీల చట్టం, 2006 ప్రకారం అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. పరీక్షల స్టడీ మెటీరియల్‌ను కాపీ చేసి పెట్టడం కూడా వద్దు, దానికి కాపీరైట్ ఉంటుంది.

బయటి మిత్రులతో పంచుకోవడం గురించి అడిగారు. మన వృత్తి పుట్టుకలోనే పంచుకోవడం ఉంది. బ్రిటన్‌లో 17 జీవిత బీమా సంస్థలు, ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నవే, తమ మరణాల అనుభవాన్ని కలిపి ఒక పట్టిక తయారుచేయించుకున్నాయి. అది 1843లో వెలువడింది. లండన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ 1848లో ఏర్పడింది. అంటే సంఘం కన్నా ముందే కలిపిన డేటా ఉంది. 1924 నుంచి అక్కడ సీఎంఐ అనే సంస్థ ఇదే పని నిరంతరం చేస్తోంది. మన దేశంలో 1994-96 పట్టిక ఎల్ఐసీ ఒక్కదాని అనుభవం. తర్వాత వచ్చిన 2006-08, 2012-14 పట్టికల్లో అనేక కంపెనీల అనుభవం కలిసింది. ఈ తరహా బీమా డేటాను ఒకచోట చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉన్నది మన హైదరాబాద్‌లోనే. మనం వాడే అంకెల్లో సగం, ఎవరో తమ కంపెనీ గోడ దాటి ఇచ్చినవే.

అయితే ఆ పంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. డేటా ఒక తటస్థ సంస్థకు వెళ్తుంది, అక్కడ కలిసిపోతుంది, ఎవరిది ఏదో బయటికి తెలియదు, గడిచిపోయిన కాలానిది మాత్రమే ఉంటుంది. మిత్రుల వాట్సాప్ గ్రూపులో ‘మేం వచ్చే నెల టర్మ్ రేట్లు ఇంత పెంచుతున్నాం, మీరెంత’ అని అడగడం ఇందులోకి రాదు. ధరల మీద పోటీదారులు మాట్లాడుకుంటే కాంపిటీషన్ చట్టం, 2002 మూడో సెక్షన్ కిందికి వస్తుంది. కేరళలో ఆర్ఎస్‌బీవై అనే పేదల ఆరోగ్య బీమా పథకం టెండర్లలో కూడబలుక్కుని బిడ్లు వేశారని 2015లో కాంపిటీషన్ కమిషన్ నాలుగు ప్రభుత్వ రంగ బీమా సంస్థలకు కలిపి 671 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీల్‌లో ఆ మొత్తం చాలా తగ్గింది, కానీ హెచ్చరిక అందరికీ అందింది.

నేను పెట్టుకున్న గీత ఇది. పద్ధతి పంచుకోవచ్చు, అంకె పంచుకోకూడదు. తక్కువ మరణాలున్నప్పుడు క్రెడిబిలిటీ ఎలా వాడతాం, ఏజెంట్ల బృందం మారిన ఏడాది ల్యాప్స్ డేటాని ఎలా శుభ్రం చేస్తాం, లేబర్ కోడ్ మార్పును డిస్‌క్లోజర్‌లో ఎలా విడదీస్తాం అన్నవి నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా. మన 94 శాతం, మన ప్రీమియం, మన రీఇన్సూరర్ ఇచ్చిన రేటు మాత్రం గడప దాటకూడదు. బోర్న్‌హ్యూటర్, ఫెర్గూసన్ అనే యాక్చువరీలు తమ రిజర్వింగ్ పద్ధతిని (రాబోయే క్లెయిమ్‌లకు ఎంత పక్కన పెట్టాలో లెక్కకట్టేది) 1972లో ప్రచురించకుండా సొంత కంపెనీలోనే దాచుకుని ఉంటే ఇవాళ మనమంతా దాన్ని వాడుతుండేవాళ్లం కాదు. ఈ రోజుల్లో అదే పనిని ఓపెన్ సోర్స్ చేస్తోంది. పైథాన్‌లో చైన్‌ల్యాడర్, లైఫ్‌లిబ్, ఆర్‌లో లైఫ్‌కంటింజెన్సీస్ ప్యాకేజీలను ఎవరైనా చదవొచ్చు, తప్పు దొరికితే దిద్దొచ్చు. మీ టీమ్ తయారుచేసిన ఏదైనా సాధారణ టూల్ ఉంటే, కంపెనీ అనుమతి తీసుకుని అటు పంపండి. బయటివాళ్లు పట్టుకునే తప్పులు లోపల ఎవరికీ కనిపించవు.

బాధ్యత గురించి ఒక స్పష్టత అవసరం. వికీలో ఉంది కాబట్టి వాడాను అన్నది సమాధానం కాదు. రిపోర్టు కింద సంతకం పెట్టే యాక్చువరీదే నిర్ణయం, అపాయింటెడ్ యాక్చువరీ (బీమా కంపెనీ అధికారికంగా నియమించిన యాక్చువరీ) అయితే ఆ బాధ్యత రెగ్యులేటర్ ఎదుట కూడా ఉంటుంది. పేజీ పాత నిర్ణయానికి సాక్ష్యం మాత్రమే. ఈ ఏడాది కూడా అదే సరైనదని మనం స్వయంగా తేల్చుకోవాలి. ఈ మాట వికీ మొదటి పేజీలో రాసి పెట్టండి.

చివరగా, అన్నిటికన్నా అర్జెంట్ పని, వెళ్లిపోతున్న ఆ ఇద్దరు సీనియర్లు. వాళ్లను హ్యాండోవర్ డాక్యుమెంట్ రాయమని అడగకండి. ఏ ఫైల్ ఎక్కడుంది, ఏ మాక్రో ఎప్పుడు రన్ చేయాలి అన్నవి రాసి ఇస్తారు, అవి ఎలాగూ మీకు తెలుసు. దానికి బదులు రోజుకో గంట పక్కన కూర్చోండి. అసంప్షన్ షీట్ తెరిచి పై నుంచి కిందికి ప్రతి అంకె దగ్గరా ఆగి ‘సార్, ఇది ఎందుకు ఇలా పెట్టారు?’ అని అడగండి. ఈ అంకె అంతకుముందు ఎంత ఉండేది, మార్చినప్పుడు ఎవరు ఒప్పుకోలేదు, ఏం చెప్పి ఒప్పించారు, మీకే ఇప్పటికీ పూర్తి నమ్మకం లేని అంకె ఏది? ఆ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా అన్నిటికన్నా విలువైనది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరూ దాన్ని పైకి చెప్పరు, వెళ్లే ముందు చెబుతారు. మీరు రాయండి, వాళ్ల చేత దిద్దించండి, తేదీ వేసి వాళ్ల పేరు పెట్టండి. లైఫ్ వైపు మోర్టాలిటీ, ల్యాప్స్, ఖర్చులు, గ్రాట్యుటీ వైపు అట్రిషన్, జీతాల పెరుగుదల, డిస్కౌంట్ రేటు, ముందు ఈ ఆరు పేజీలు చాలు. అవి పూర్తయ్యాక ఎక్కడైనా ఆగిపోతే అడగండి, చూస్తాను.